ద్వారకానగర్ సాయంత్రం తరగతి: నా మెయిల్‌లో ఎర్రగీత గుట్టు విడింది

విశాఖపట్నం రేవుకు వచ్చే ఓడల కాగితాలు చూసే ఆఫీసులో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. రోజంతా ఇంగ్లిష్‌లో మెయిళ్లు రాయడమే పని. ‘ద వెసల్ హ్యాజ్ అరైవ్డ్ ఎస్టర్‌డే’ అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. వేసవిలో కొత్తగా వచ్చిన మేనేజరు దాని కింద ఎర్రగీత గీసి తిప్పి పంపారు. తప్పేమిటో ఆయన చెప్పలేదు, నాకు తెలియలేదు. ఆ ఉక్రోషంతోనే ద్వారకానగర్‌లో ఒక మేడ మీద నడిచే ఇంగ్లిష్ వ్యాకరణం సాయంత్రం తరగతిలో చేరాను. 40 రోజులకు 3,500 రూపాయలు.

బడిలో మనకు ఇంగ్లిష్ క్రియల 12 గడుల పట్టిక వల్లె వేయించారు కదా, మూడు కాలాలు, ఒక్కోదానికి నాలుగు రూపాలు. ఇక్కడి మాస్టారు మొదటిరోజే దాన్ని బోర్డు మీద రాసి చెరిపేశారు. ఇంగ్లిష్ క్రియ తన రూపం మార్చుకుని చూపేది రెండు కాలాలనే, వర్తమానం, భూతం అన్నారు.

“మరి భవిష్యత్తు, మాస్టారూ?” అని అడిగాను.

“‘వర్క్’కు ‘వర్క్‌డ్’ ఉంది. భవిష్యత్తుకు అలాంటి రూపం ఒక్కటి చూపించమ్మా. ‘విల్’ అనేది ‘క్యాన్’, ‘మే’ల వరుసలోది, క్రియ ముందు చేరే వేరే మాట.”

ఆ పట్టికలో మిగిలింది ఆస్పెక్టు. పని ఎప్పుడన్నది కాదు, దాన్ని మనం ఎటునుంచి చూస్తున్నామన్నది. సాగుతూ ఉండగా చూస్తే కంటిన్యుయస్, జరిగినదాన్ని తర్వాతి సమయానికి ముడిపెట్టి చూస్తే పర్ఫెక్ట్.

తెలుగులో ‘ఓడ వచ్చింది’ అంటే చాలు. నిన్న వచ్చినా అదే మాట, ఇప్పుడే వచ్చి రేవులో నిలిచినా అదే మాట. ‘హ్యాజ్ అరైవ్డ్’ అన్నప్పుడు చూపు ఇప్పటి మీద ఉంటుంది: ఓడ ఇక్కడే ఉంది, సరుకు దింపుకోవచ్చు. ‘ఎస్టర్‌డే’ అని గడిచిపోయిన రోజును పేరు పెట్టి చెప్పగానే ఆ ముడి తెగిపోతుంది, ఉత్త ‘అరైవ్డ్’ అనాలి. దీని మీదే మాస్టారు రెండు సాయంత్రాలు గడిపారు, మా మెయిళ్లు మాచేతే దిద్దించారు. ఇచ్చిన డబ్బుకు నాకు ఆ రెండు సాయంత్రాలే చాలు.

‘ఐ యామ్ నోయింగ్’ ఎందుకు కుదరదన్న పాఠం మాత్రం ఒక్క గంటలో ముగించేశారు. మనవాళ్లు తడబడేది అక్కడే, ఇంకో రెండు రోజులు కావాలి. చేతికిచ్చే పుస్తకంలో ఇంకా ఆ పాత పట్టికే ఉంది. అది మార్చాలి, కొత్తవారు తికమకపడుతున్నారు. చేరేవారు ఎడమవైపు బల్లలు చూసుకోండి. కుడివైపు ట్యూబ్‌లైటు వెలుగు పడి బోర్డు కనిపించదు.