చేతితో చేసిన సోప్రానో ఉకులేలే: ఎనిమిది నెలల ఎదురుచూపు, మూడో వారంలో తంటా

పార్సిల్ విప్పగానే చేసిన మొదటి పని, అందులోని ఉకులేలేను (గిటారులాంటి నాలుగు తీగల బుల్లి వాద్యం) వంటింటి కాటా మీద పెట్టడం. 310 గ్రాములు. అంతవరకూ నేను వాయిస్తున్న ఫ్యాక్టరీ ఉకులేలే అదే కాటా మీద 490 చూపించింది. రెండూ సోప్రానోలే, అంటే చిన్న సైజువే, రెండూ 21 అంగుళాల పొడవే. ఆ 180 గ్రాములు ఎక్కడికి పోయాయో చెబితే ఈ సమీక్షలో సగం అయిపోయినట్టే.

హవాయిలోని ఒవాహు దీవిలో, ఒక్కడే పనిచేసుకునే చిన్న కార్ఖానాలో చేయించాను. సెలవులకు వెళ్లినప్పుడు ఆర్డరిచ్చి, సగం డబ్బు కట్టి వచ్చాను. ఎనిమిది నెలలకు అరిజోనాలోని మా ఇంటికి చేరింది. ధర 1,400 డాలర్లు, పెట్టెకూ పోస్టుకూ వేరే. "ఆ డబ్బుతో ఇండియాకు ఒక టికెట్ వచ్చేదండీ" అని మా ఆవిడ ఒక్కసారే అంది. పదిసార్లు అని ఉంటే మరచిపోయేవాణ్ణి.

ఇది 1910ల నాటి హొనొలులు నమూనా. 1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ, చెరకు తోటల్లో పనికి కుదిరిన పోర్చుగీసు వాళ్లను మదీరా దీవి నుంచి హొనొలులుకు తెచ్చింది. వాళ్లలో మాన్యుయెల్ నూనెస్, అగస్టో డియాస్, జోసే దో ఎస్పిరిటో సాంటో అనే ముగ్గురు కొయ్యపనివాళ్లున్నారు. తమ ఊళ్లో వాయించుకునే మషేట్ అనే నాలుగు తీగల బుల్లి వాద్యాన్ని వాళ్లు అక్కడి కోవా అనే చెట్టు చెక్కతో చేయడం మొదలుపెట్టారు. అలా పుట్టిందే ఉకులేలే. 1915 నాటి శాన్ ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్ తర్వాత అమెరికా అంతా దీని మీద ఎగబడింది. ఊరూరా ఫ్యాక్టరీలు చేయడం మొదలైంది. నాకు కావలసింది ఆ హడావుడికి ముందరి వాద్యం.

చూపులకు అచ్చం అలాగే ఉంది. విడిగా అతికించిన ఫింగర్‌బోర్డు (వేళ్లు నొక్కే పలక) లేదు. మెడ కొయ్యలోకే పన్నెండు మెట్లు దిగ్గొట్టాడు. బుర్ర (శబ్దం పలికే డొల్ల భాగం) అంచు చుట్టూ, మధ్య రంధ్రం చుట్టూ ముదురు రంగు, లేత రంగు చెక్క పీలికలను ఏటవాలుగా పొదిగాడు. దూరం నుంచి పేనిన తాడు చుట్టినట్టు ఉంటుంది. దగ్గరగా చూస్తే ఒక్కో పీలిక బియ్యపు గింజంత. కింది భాగంలో రెండు వైపుల నుంచి వచ్చిన తాళ్లు కలిసేచోట ఒక పీలిక మిగతావాటికంటే సన్నగా ఉంది. లెక్క తప్పి సర్దుకున్నాడన్నమాట. నాకు ఆ చోటే బాగా నచ్చింది.

ఇలాంటి అలంకారాన్ని ఫ్యాక్టరీ వాద్యాల మీద స్టిక్కరుగా అంటించి "పాతకాలపు శైలి" అని అమ్మడం చూశాను. అసలు శైలి లోపల ఉంటుంది. ఫోను లైటు వేసి రంధ్రంలోకి తొంగిచూశాను. పై చెక్క మందం రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. దానికి ఆసరాగా అతికించిన బద్దలు అగ్గిపుల్లకంటే కాస్త లావు, అంతే. ఆ 180 గ్రాములు పోయింది ఇక్కడే. ఫ్యాక్టరీవాడికి వాద్యం పగిలి వెనక్కి వస్తుందేమోనని భయం. అందుకే మందపాటి ప్లైవుడ్ వాడతాడు, దాని మీద అద్దంలాంటి పూత దట్టంగా పోస్తాడు. ఇతను ఆ భయాన్ని పక్కన పెట్టాడు. నేను డబ్బు పెట్టింది దానికే.

శబ్దం సంగతి. తీగ పొడవు సుమారు 13.5 అంగుళాలే కాబట్టి మీటిన స్వరం ఎక్కువసేపు నిలవదు. టక్కున లేచి టక్కున పోతుంది. గిటారులా మోగాలనుకునేవాళ్లు దీని జోలికి పోకుండా ఉండటమే మంచిది. చూపుడువేలి గోటితో, మెడ బుర్ర కలిసేచోట తేలికగా జాడిస్తే మాత్రం గది నిండిపోతుంది. రాత్రి పదింటికి మెల్లగానే వాయిస్తున్నాననుకున్నాను. మేడ మీద నుంచి మా అబ్బాయి దిగివచ్చి తలుపు మూసి వెళ్లాడు.

మామూలు శ్రుతి జి, సి, ఇ, ఏ. సి ని షడ్జమం అనుకుంటే వదులు తీగలు నాలుగూ ప, స, గ, ద అవుతాయి. నాలుగూ మోహన రాగ స్వరాలే! వేలు పెట్టకుండా చేయి జాడించినా మోహన వాసన వేస్తుంది. చిన్నప్పుడు నేర్చుకున్న మోహన గీతం పది నిమిషాల్లో పట్టుబడింది. అయితే సి కంటే కిందికి తీగే లేదు కాబట్టి మంద్రస్థాయి సున్నా. గమకం కోసం తీగ లాగితే సాగేలోపే స్వరం చచ్చిపోతుంది. ఒకే మెట్టు మీద మూడు వేళ్లు పెట్టాల్సిన డి కార్డ్ (కొన్ని స్వరాలను కలిపి మోగించే పట్టు) దగ్గర నా వేళ్లు పండుగనాటి జనరల్ బోగీలో ప్రయాణికుల్లా నిలబడతాయి. చేసినవాడి సలహా మీద అన్ని తీగలనూ రెండు మెట్లు పైకి, ఏ, డి, ఎఫ్ షార్ప్, బి కి పెంచి చూశాను. 1920ల నాటి పాటల కాగితాల మీద చాలావరకు ఈ శ్రుతే అచ్చయి ఉంటుంది. ఈ చిన్న బుర్రకు అదే బాగా నప్పింది. ఇప్పుడు అందులోనే ఉంచాను.

ఇక తంటా. మూడో వారంలో ఒక అర్ధరాత్రి హాల్లోంచి టప్‌మని చప్పుడు. తీగను బిగించే బిరడ జారి తీగ వదులైపోయింది. తెల్లవారేసరికి మరొకటి. ఇందులో పళ్లచక్రాల మరలు లేవు, వీణకున్నట్టు కొయ్య బిరడలే. అదే వారం మెడ వెంట చేయి జరిపితే మెట్ల చివర్లు రంపంలా గీరుకున్నాయి. కారణం తెలిసిందే. ఆ దీవి గాలి తేమగా ఉంటుంది. మా దగ్గర జూన్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ పది శాతం కూడా ఉండదు. కొయ్య కుంచించుకుపోయింది, లోహపు మెట్లు మాత్రం ఎంత ఉన్నవి అంతే ఉన్నాయి. నా ఫిర్యాదు ఎండ మీద కాదు. ఆర్డరు కాగితం మీద నా చిరునామా, అరిజోనా అని పెద్ద అక్షరాల్లో, ఎనిమిది నెలలు అతని బల్ల మీదే ఉంది. ఎడారికి పంపుతున్నానని ఒక్క ముక్క హెచ్చరించి ఉండాల్సింది. ఉత్తరం రాస్తే మర్నాడే జవాబిచ్చాడు. క్షమించమన్నాడు, పంపిస్తే ఉచితంగా సరిచేస్తానన్నాడు. రానూ పోనూ పోస్టు ఖర్చు మాత్రం నాదేనట. ఒక మార్కు అక్కడ తగ్గించాను.

బిరడల వైద్యం విజయనగరం నుంచి వచ్చింది. మా అమ్మది బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించిన పనసకర్ర వీణ, ఒకే దుంగలో తొలిచిన ఏకాండ వీణ. వీడియో కాల్‌లో దీన్ని చూపించగానే నవ్వింది. "ఇదేమిట్రా, వీణ పిల్లను పెట్టినట్టుంది!" సంగతి చెబితే ఒక్క నిమిషంలో తేల్చేసింది. "జారితే సుద్ద, బిగుసుకుంటే సబ్బు. తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పు. నువ్వు బయటికి లాగుతూ తిప్పుతున్నావు, కనిపిస్తూనే ఉంది." నిజంగానే లాగుతున్నాను. మా అబ్బాయి సుద్దముక్క తెచ్చి బిరడ మీద రెండు గీతలు గీసి, నొక్కి తిప్పాక నాలుగు నెలలుగా ఒక్కటీ జారలేదు. మెట్ల చివర్లను కొయ్య మీద టేపు అంటించి, సన్న ఆకురాయితో నేనే అరగదీశాను. ఇరవై నాలుగు చివర్లకు ఒక ఆదివారం సాయంత్రం సరిపోయింది.

పై మెట్ల దగ్గర, పది నుంచి పన్నెండు వరకు, శ్రుతి కొద్దిగా ఎక్కువ పలుకుతుంది. వీణ అయితే మైనం కరిగించి మెట్టు జరుపుకుంటాం. ఇక్కడ ఆ వీలు లేదు. నేను అంతవరకు వెళ్లేది తక్కువ కాబట్టి సరిపెట్టుకున్నాను. ఇంకో మాట. దీన్ని సరేసుతో అతికించాడు. రేపు విరిగితే వేడికీ తడికీ ఊడదీసి మళ్లీ అతకవచ్చు. అదే కారణంగా, ఎండలో ఆపిన కారులో మాత్రం అయిదు నిమిషాలు కూడా వదలకూడదు.

పిల్లలకు మొదటి వాద్యంగా కొనకండి. వంద డాలర్ల లోపు వాటితో నేర్చుకోవచ్చు. కిందపడినా గుండె ఆగదు. ఏడాదో రెండేళ్లో వాయించి, వంద డాలర్ల వాద్యం ఎక్కడ సరిపోదో చేతికి తెలిశాక కొనండి. బిరడలు వద్దనుకుంటే, బిరడల్లాగే కనిపించే గేరు మరలు అదనపు ధరకు పెడతారు. అడగండి. నేను అడగలేదు, అడిగినా వద్దనే అనేవాణ్ణేమో.

ఇప్పుడు అది ఎప్పుడూ పెట్టెలోనే ఉంటుంది. పక్కన చిల్లులు పొడిచిన సబ్బు డబ్బా, అందులో తడి స్పాంజి, నలభై అయిదుకు తగ్గకుండా చూసుకోవడానికి తేమ కొలిచే చిన్న మీటరు. పొద్దున తులసికి నీళ్లు పోసి వస్తూ, చెంబులో మిగిలిన నీళ్లతోనే మా ఆవిడ స్పాంజి తడుపుతోంది. టికెట్ మాట మళ్లీ ఎత్తలేదు.