హాలా, మైదానమా? విజయవాడలో వరద సాయం కోసం రాక్ షో

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన ఊరిది. బాధితుల కోసం రాక్ బ్యాండ్ షో పెడితే వీలైనంత డబ్బు వాళ్లకే చేరాలి. అందుకే మా ఓటు తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి హాలుకే. స్టేజీ, కుర్చీలు ముందే ఉంటాయి.

మైదానంలో జనం ఎక్కువ పడతారు గానీ స్టేజీ, జనరేటర్, బారికేడ్లు అన్నీ అద్దెకే తేవాలి. లైట్లకూ సౌండుకూ ఒకే కరెంటు లైను వాడితే, లైట్ల వెలుగును పెంచి తగ్గించే డిమ్మర్ల నుంచి గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్‌లోకి గుర్రుమనే మోత దూరుతుంది. వెనక ఉన్నవాళ్ల కోసం స్టేజీ స్పీకర్లకు 35 మీటర్ల దూరంలో ఇంకో జత స్పీకర్లు పెడితే, స్టేజీ శబ్దం అక్కడికి చేరేదాకా ఆగేలా వాటికి సుమారు 100 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) ఇవ్వాలి. లేదంటే పాట రెండుసార్లు వినిపిస్తుంది. పైగా రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు.

హాల్లో చిక్కంతా డ్రమ్స్‌తోనే. స్నేర్ (టకటకా పదునుగా మోగే డ్రమ్) మోత గోడలకు తగిలి తిరిగొచ్చి గొంతును మింగేస్తుంది. వినపడట్లేదని గొంతు మైకు పెంచితే వెంటనే కీచుమంటుంది. డ్రమ్స్ వెనక మందపాటి పరదా కట్టండి. గిటార్ ఆంప్‌లను తగ్గించి పక్కకు తిప్పండి. ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకైతే, మానిటర్ (పాడేవాళ్లు తమ గొంతు వినడానికి పెట్టే స్పీకరు) దానికి సరిగ్గా వెనకవైపు ఉండాలి. ఖాళీ హాల్లో మోగినంత జనం నిండాక మోగదు, కాబట్టి మొదటి పాటలోనే లెవెల్స్ (ఒక్కో మైకు, వాయిద్యం మోత) మళ్లీ సరిచూసుకోండి.