యాప్‌లో మాధవరం, దించింది రెడ్ హిల్స్ ముందర

తన పని మీద ఊరు పోయే కారు యజమాని ఖాళీ సీట్లలో మనల్ని చార్జీకి ఎక్కించుకునేది కార్‌పూల్ యాప్. అందులో చార్జీ ఎంత, ఏసీ వేస్తారా లేదా, ముందు సీటు ఎలా దొరుకుతుంది అన్నవి వాడేవాళ్లందరికీ తెలుసు. నేను రాసేది దిగే చోటు గురించి. కొన్నేళ్లుగా నెల్లూరు నుంచి ఇటు హైదరాబాదుకీ అటు చెన్నైకీ దీంట్లోనే తిరుగుతున్నాను. నన్ను మురిపించిందీ అదే, ఏడిపించిందీ అదే.

మా తమ్ముడు ఉండేది గచ్చిబౌలిలో. బస్సు తెల్లవారుజామున ఎల్బీనగర్‌లో దించితే అక్కణ్నుంచి ఊరు దాటడం ఇంకో ప్రయాణం. కారు వాళ్లు మేదరమెట్ల దగ్గర హైవే వదిలి, అద్దంకి మీదుగా నార్కట్‌పల్లి చేరి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేస్తారు. కారు పెట్టేది ఎక్కువగా ఐటీ పిల్లలే కాబట్టి వాళ్లు పోయేదీ అటే. సిటీ ట్రాఫిక్ మొహం చూడకుండా తమ్ముడి ఇంటి పక్కన దిగేవాణ్ని. ఆ సంబరంలో మా వీధిలో చాలామంది చేత ఈ యాప్ వేయించాను కూడా.

మొన్న వేసవిలో అమ్మకు చెన్నైలో కంటి పరీక్ష. బస్సెక్కితే ఆమెకు వాంతులు. అందుకని ఇందులోనే బుక్ చేశాను. దిగే చోటు మాధవరం బస్టాండు అని స్పష్టంగా ఉంది. 2018 నుంచి మన వైపు బస్సులు కోయంబేడు పోకుండా ఆగేది అక్కడే కాబట్టి ఆటోలకు, క్యాబులకు కొదవ లేదు. అయ్యప్పగుడి సెంటర్లో టైముకే ఎక్కించుకున్నాడు. నెల్లూరు అబ్బాయే, శ్రీపెరుంబుదూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. నాయుడుపేట దాటాక బండి ఆపి అమ్మకు కొబ్బరి బోండాం ఇప్పించాడు. మంచివాడే, అదే వచ్చిన చిక్కు.

తడ దాటగానే మెల్లగా అన్నాడు: "అన్నా, నేను ఔటర్ ఎక్కేస్తా. రెడ్ హిల్స్ ముందర దించుతా, అక్కణ్నుంచి మాధవరం దగ్గరే."

"యాప్‌లో మాధవరం అని ఉంది కదయ్యా?"

"అది యాపే వేసుకుంటుందన్నా. ఊళ్లోకి వస్తే షిఫ్టుకు అందుకోలేను."

వెనక అమ్మ పక్కన కూర్చున్నవాళ్లదీ అదే ఫ్యాక్టరీ, అదే షిఫ్టు. ఇంక నేను మాట్లాడేదేముంది?

వండలూరు నుంచి మీంజూరు దాకా పోయే ఆ ఔటర్, చెన్నైని పక్కకు పెట్టేసి పోతుంది. హైవే నుంచి దాని మీదికి ఎక్కే చోట, సర్వీస్ రోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో మమ్మల్ని దించి దండం పెట్టి వెళ్లిపోయాడు. క్యాబ్ బుక్ చేస్తే పిన్ను హైవేకు అవతలి వైపు పడింది. డ్రైవర్ ఫోన్ చేసి "ఎంగ ఇరుక్కీంగ?" అంటాడు. ఎక్కడున్నామో నాకు తెలిస్తే కదా, ఏ భాషలోనైనా చెప్పడానికి! అతను క్యాన్సిల్ కొట్టాడు, తర్వాతవాడూ కొట్టాడు. చివరికి టీ కొట్టు ఆయన నా ఫోన్ తీసుకుని, పక్కనున్న పెట్రోల్ బంకు గుర్తు చెబితే బండి వచ్చింది. అప్పటికి అమ్మ ముఖం వాడిపోయింది, ఆసుపత్రిలో మా టైమూ దాటిపోయింది. కస్టమర్ కేర్‌కు రాస్తే, దిగే చోటు డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి అని జవాబు. మరి మాధవరం అని చూపించింది ఎవరో?

కారు యజమాని బయలుదేరే ఊరు, చేరే ఊరు ఇస్తే, మధ్యలో ఎక్కే దిగే చోట్లు యాపే చూపిస్తుంది. బండి మాత్రం ఆయన పనున్న దారినే పోతుంది. హైదరాబాదులో నేను మురిసిపోయిందీ ఇందుకే: మా తమ్ముడి ఇల్లు వాళ్ల దారిలో పడింది, అంతే. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాల్సిన మా పక్కింటాయన్ని పెద్ద అంబర్‌పేటలోనే దించేశారట. ఈ యాప్ ఆయన చేత వేయించింది నేనే. ఇప్పటికీ దెప్పుతుంటాడు.

ఇంకో మాట. తెల్ల నంబరు ప్లేటు కారు రోజూ అదే రూట్లో కనిపిస్తే అది పూలింగ్ కాదు, టాక్సీనే. 2020లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో సొంత కారుకు ఊరి నుంచి ఊరికి వారానికి రెండు పూలింగ్ ట్రిప్పులే అన్నారు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ రావొచ్చు కాబట్టి నేను అలాంటి బండి ఎక్కడం మానేశాను.

యాప్ ఇంకా ఫోన్లోనే ఉంది. ఒక్కణ్నే, ఒక బ్యాగుతో, గచ్చిబౌలికి అయితే కళ్లు మూసుకుని ఎక్కుతాను. డబ్బు కట్టే ముందు మాత్రం "ఔటర్ ఎక్కుతారా, ఊళ్లోకి వస్తారా?" అని మెసేజ్ పెడతాను. తిన్నగా జవాబివ్వకపోతే వేరే బండి చూసుకుంటాను. అమ్మతో చెన్నై అంటే ఇక రైలే. సెంట్రల్లో దిగితే పక్కనే మెట్రో, ఎవరికీ గుర్తులు చెప్పే పని లేదు. మీ వాళ్లుండేది ఏ శ్రీపెరుంబుదూరులోనో ఒరగడంలోనో అయితే నా గోల పట్టించుకోకండి, ఆ అబ్బాయి బండే మీకు సరి.