మా అమ్మను కలంకారీ క్లాసుకు తీసుకెళ్లాను, ఎలా ఉందంటే

హైదరాబాద్‌లో పెద్దవాళ్ల కోసమని నడిపే ఒక కలంకారీ క్లాసుకు ఎనిమిది ఆదివారాలు వెళ్లొచ్చాం. పేరు రాయను, తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. చేరింది అమ్మ కోసం. ఆవిడకు 68, నాన్న పోయాక టీవీ ముందు నుంచి లేవడం మానేసింది, ఎవరు పలకరించినా 'బానే ఉన్నా' తప్ప ఇంకో మాట లేదు.

ముందు తిట్లు. ప్రకటనలో 'కళా చికిత్స, టెన్షన్ మాయం' అని వేసుకున్నారు గానీ చికిత్స తెలిసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు, ఉన్నది బొమ్మలు నేర్పే మాస్టారు ఒక్కరే, కాబట్టి మందులు వాడేవాళ్లు దీన్ని నమ్ముకుని డాక్టర్‌ని మానేయకండి. 6,000 ఫీజులో అన్నీ కలిసే అని చెప్పి మూడో వారం కలాలకు మళ్లీ 300 అడిగారు. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి.

క్లాసు మాత్రం అసలు సిసలు శ్రీకాళహస్తి పద్ధతి, అంటే కలంతో చేత్తో గీసేది, మచిలీపట్నం వాళ్ల అచ్చుల పని కాదు. మొదటి ఆదివారం బొమ్మే లేదు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, డాబా మీద ఆరేసి ఇంటికి పంపేశారు. పాలు ఎందుకంటే రంగు గుడ్డ మీద పాకిపోకుండా ఉండటానికట. ఆ వాసనకి, ఈగలకి నేనైతే రెండో వారం మానేద్దామనుకున్నా.

రెండో వారం నల్ల రంగు తెచ్చారు. ఇనప ముక్కలు బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరేస్తే వచ్చేది. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారం కట్టిన కలాన్ని అందులో ముంచి, ఆ ఉన్నిని వేళ్లతో కొంచెం కొంచెంగా నొక్కుతూ గీయాలి. గీత ముందు పలచగా కనపడి, కరక్కాయ తగలగానే చూస్తుండగానే నల్లబడుతుంది. అది చూసి అమ్మ గట్టిగా 'ఇది సిరా కదండీ!' అంది. వాళ్ల తాత కరక్కాయలు మరగబెట్టి, అన్నభేది (అదీ ఇనుము ఉన్న ఉప్పే) వేసి సిరా కాచేవాడట, దాంతోనే లెక్కల పుస్తకాలు రాసేవాడట. పక్కన కూర్చున్న రిటైర్డ్ టీచరమ్మకు పావుగంట చెప్పింది. నేను ఆ కథ ఎప్పుడూ వినలేదు. మాస్టారు కూడా పని ఆపి విన్నారు, తొందర పెట్టలేదు, నేను ఫీజు కట్టింది ఆ పావుగంటకే అనుకుంటా.

ఇంత బాగా నడిచేదాన్ని ఆఖరి వారం వాళ్లే చెడగొట్టారు. ప్రదర్శన పెట్టి, మొదటి బహుమతి, రెండో బహుమతి అన్నారు. అరవై దాటినవాళ్లకు ర్యాంకులేంటండీ? కళలు ఆరోగ్యానికి మేలు చేస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 3,000కు పైగా అధ్యయనాలు చూసి చెప్పిందని గోడ మీద పోస్టర్ ఒకటుంది, దాని కిందే మార్కుల పట్టిక అంటించారు. అమ్మ తను గీసిన నెమలి బొమ్మను మడిచి సంచిలో పెట్టేసుకుంది, ఇవ్వనంది. టీచరమ్మ కూడా ఇవ్వలేదు.

రేటింగ్ అంటే మాస్టారికి ఐదుకి ఐదు, నడిపేవాళ్లకు రెండు. వెళ్తే ఏడు వారాలు వెళ్లి ఎనిమిదోది ఎగ్గొట్టండి.

ఇప్పుడు మా బాల్కనీలో ఒక కుండలో మేకులు, బెల్లం ఊరుతున్నాయి. కింది ఫ్లాట్ వాళ్లు వాసనని రెండుసార్లు వచ్చారు. అమ్మే తలుపు తీసి వాళ్లకి కరక్కాయ సిరా కథ చెబుతోంది.