ఎనిమిదితో భాగించాలా, పదితో భాగించాలా? పాత హార్డ్ డిస్క్ కాపీకి ఏది మేలు

మా నాన్నగారి పాత కంప్యూటర్‌లో 80 జీబీ ఐడీఈ (వెడల్పాటి పట్టీ కేబుల్‌తో తగిలించే పాత రకం) హార్డ్ డిస్క్ ఒకటి ఉండిపోయింది. చెల్లి పెళ్లి ఫొటోలు, స్కాన్ చేసిన ఇంటి కాగితాలు, ఇంకా ఏవేవో కలిపి ఓ 60 జీబీ ఉంటుంది. దాన్ని బయటికి తీయడానికి మూడు దార్లు కనిపించాయి: యూఎస్‌బీ 2.0 అడాప్టర్, లేదా పాత పీసీని అలాగే ఆన్ చేసి లాన్ కేబుల్, అదీ కాకపోతే ఐడీఈని సాటాకి (దాని తర్వాత వచ్చిన, సన్న కేబుల్ పద్ధతి) మార్చే చిన్న బోర్డు కొని ఇప్పటి డెస్క్‌టాప్‌లో తగిలించడం. వాటి మీద అంకెలేమో వరసగా 480, 100, 150. డిస్క్ లేబుల్ మీద అల్ట్రా ఏటీఏ 100 అని ఉంది, అది ఐడీఈ వేగాల్లో ఒకదాని పేరు.

అంకెల్ని నమ్మితే 480దే గెలుపు, లాన్, డిస్క్ సరిసమానం. రెండూ తప్పే.

లాన్ 100 అంటే సెకనుకి 100 మెగాబిట్లు, డిస్క్ మీది 100 అంటే సెకనుకి 100 మెగాబైట్లు, అంటే ఒకే అంకె వెనక ఎనిమిది రెట్ల తేడా. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినప్పుడు చిన్న బీ అయితే బిట్, పెద్ద బీ అయితే బైట్ అని కనీసం కంటికి ఆనుతుంది. మనం తెలుగులో ఎంబీపీఎస్ అని రాసేస్తే ఆ గుర్తు కూడా పోతుంది, నోటితో చెబితే సరేసరి. అందుకే నేనిప్పుడు మెగాబిట్, మెగాబైట్ అని పూర్తిగా రాయడం అలవాటు చేసుకున్నాను, కాస్త పొడుగైనా సరే.

ఇక భాగించడం సంగతి. బైటుకి ఎనిమిది బిట్లు కాబట్టి ఎనిమిదితో భాగించాలని అందరికీ తెలుసు, కానీ సాటా దగ్గర అది కుదరదు, ఎందుకంటే అక్కడ ప్రతి 8 బిట్ల డేటాని తీగ మీద 10 బిట్లుగా మార్చి పంపుతారు, కాబట్టి 1.5 గిగాబిట్ సాటాని పదితో భాగిస్తేనే ఆ 150 మెగాబైట్లు వస్తాయి. ఎనిమిదితో భాగిస్తే వచ్చే 187.5 ఉత్త కాగితం లెక్క. లాన్‌కి ఎనిమిదే సరి: 12.5 వస్తుంది, చేతికి అందేది 11 దాకా. యూఎస్‌బీ 2.0కి కూడా ఎనిమిదే, 60 వస్తుంది, కానీ మధ్యలో జరిగే తతంగానికి సగం దాకా పోయి 30, 35 మిగిలితే గొప్ప. ఐడీఈకి మాత్రం అసలు భాగించకూడదు, 33, 66, 100, 133 అన్నీ ముందే మెగాబైట్లు. కాలిక్యులేటర్ లేకుండా చటుక్కున అంచనా కావాలంటే, బిట్లలో ఉన్నదాన్నల్లా పదితో భాగించడమే నాకు నచ్చింది. ఎనిమిదితో వచ్చే అంకె ఆశ పెడుతుంది, పదితో వచ్చేది నిజానికి కాస్త దగ్గరగా ఉంటుంది. యూఎస్‌బీ 2.0 దగ్గర అదీ ఎక్కువే అనుకోండి.

ఇంతా చేసి ఆ కాలం డిస్క్ తిరిగే పళ్లెం మీంచి చదివేది సెకనుకి 50 మెగాబైట్లు, లోపలి ట్రాకుల్లో అంతకన్నా తక్కువ. 100 అన్నది కేబుల్‌కి పరిమితి, డిస్క్ వేగం కాదు. సాటా బోర్డు 150 ఇచ్చినా వాడుకునే నాథుడు లేడు.

60 జీబీకి నా లెక్క ఇలా తేలింది: సాటా బోర్డుతో సగటున 45 చొప్పున 22 నిమిషాలు, యూఎస్‌బీతో 30 చొప్పున 33 నిమిషాలు, లాన్‌లో గంటన్నర. పదకొండు నిమిషాల కోసం క్యాబినెట్ విప్పే ఓపిక లేక యూఎస్‌బీకే ఓటేశాను. డిస్క్ వెనక జంపర్‌ని (పిన్నుల మీద పెట్టే చిన్న క్లిప్) మాస్టర్ (మొదటి డిస్క్) స్థానానికి మార్చి, అడాప్టర్‌తో వచ్చిన పవర్ తీగ పెట్టి కాపీ మొదలుపెడితే, 16 గంటలు మిగిలి ఉందని చూపించింది! అడాప్టర్‌ని తిట్టుకుంటూ అరగంట గడిపాక చూస్తే తప్పు నాదే. లాప్‌టాప్‌లో పోర్టులు ఖాళీ లేక, డ్రాయర్‌లో దొరికిన పాత హబ్‌కి (ఒక పోర్టుని కొన్ని పోర్టులుగా చేసే పెట్టె) తగిలించాను. అది యూఎస్‌బీ 1.1. దానిది 12 మెగాబిట్లు, అంటే ఎనిమిదితో భాగించినా ఒకటిన్నర మెగాబైటే, అందేది ఒకటి. హబ్ తీసేసి నేరుగా పెడితే ముప్పావుగంట లోపే అయిపోయింది.

మీ దగ్గర పాత డెస్క్‌టాప్ ఇంకా పనిచేస్తూ, డిస్క్‌ని అందులోనే ఐడీఈకి తగిలించి కాపీ చేసుకోవాలనుకుంటే కేబుల్ చూడండి. వెడల్పు ఒకటే, కానీ సన్నటి తీగలు 80 ఉన్నదైతేనే 66, 100 వస్తాయి. లావు తీగలు 40 ఉన్నదైతే 33 దగ్గరే ఆగిపోతుంది. డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం ఈ వేగాల గోల వదిలేసి ముందు ముఖ్యమైన ఫైళ్లు లాగేయండి.

మా ఇంట్లో ఇంకా మినీ డీవీ (పాత వీడియో కెమెరా) క్యాసెట్లు నాలుగు మిగిలాయి, పెళ్లి వీడియో. కెమెరాని కంప్యూటర్‌కి కలిపే ఫైర్‌వైర్ 400 కేబుల్ దొరికింది, ఆ 400 మెగాబిట్లే, ఎనిమిదితో భాగిస్తే దాదాపు 50 మెగాబైట్లు. అయితేనేం, క్యాసెట్ నుంచి వచ్చేది సెకనుకి 3.6, గంట టేపుకి గంట కూర్చోవాల్సిందే, గంటకి 13 జీబీ. దానికి ఆదివారం చూడాలి.