మట్టి మిద్దెకు కప్పే పట్ట: తూకం వేయించి కొనండి

ముందే చెప్తున్నా, ఇది మట్టి మిద్దె ఉన్నవాళ్ల కోసం రాస్తున్న పట్ట (టార్పాలిన్) రివ్యూ. ఖాజీపేట దగ్గర పల్లెలో మా అవ్వ ఇంకా దూలాలు, వాటి మీద పరిచే దంతెల (సన్న కర్రల) పాత మిద్దెలోనే ఉంది, కడపకు రమ్మంటే రాదు. ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడు మట్టి పరిపిస్తాం. జూన్, జులై వానలకు అది చాలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పట్టే తుపాను ముసురు మాత్రం వేరు. చెన్నై, నెల్లూరు మధ్య ఎక్కడ తుపాను తీరం దాటినా మనకు రెండు మూడు రోజులు తెరిపి ఉండదు, మట్టి నీళ్లు తాగి తాగి బరువెక్కుతుంది, మొదట గవాక్షి (వెలుతురు కోసం మిద్దెకు వదిలే కంత) చుట్టూ ఉరుస్తుంది, తర్వాత రాత్రిపూట దూలం కిర్రుమంటుంది. ఆ చప్పుడు విన్నవాళ్లకు నిద్ర పట్టదు.

2021 నవంబర్‌లో మాకు అదే జరిగింది. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది 19వ తేదీన, ఆ వారంలోనే మా వెనక గది పైకప్పు ఒక మూల కుంగింది. మిద్దె మీద పట్ట లేక కాదు, ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నాం, 18×24 అడుగులది, కవర్ మీద 250 జీఎస్ఎం అని పెద్దక్షరాలతో ఉంది. రెండో రోజు గాలికి అంచున తాడు కట్టే రింగులు ఊడిపోయాయి, అంచు గుడ్డపేలికలా చీరుకుపోయింది. తర్వాత అనుమానమొచ్చి ఊళ్లో వేరుశనక్కాయలు తూచే కాటా మీద పెడితే ఆరు కిలోలు. అసలు జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు ఎన్ని గ్రాములుందో ఆ లెక్క, 18×24 అంటే దాదాపు 40 చదరపు మీటర్లు, కాబట్టి నిజంగా 250 అయితే పట్ట పది కిలోలు తూగాలి. మాకు అంటగట్టింది 150దన్నమాట. ఈ లెక్క తెలియక అవ్వను ఆ మిద్దె కింద పడుకోబెట్టామే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

2023లో దసరా ముందు కడపలో వైవీ స్ట్రీట్ వైపు గోనెసంచులు, తాళ్లు, పట్టలు అమ్మే పాత దుకాణానికి వెళ్లాం. "కాటా మీద పెట్టన్నా" అని అడిగితే ఆయన ఏమీ అనుకోలేదు, వెంటనే పెట్టి చూపించాడు, పది కిలోలకు ఒక పిసరు ఎక్కువే వచ్చింది. ఆన్‌లైన్‌దానికంటే వెయ్యి రూపాయలు ఎక్కువ పడింది, అయినా బేరం ఆడలేదు. అంచు మడిచి లోపల తాడు పెట్టి అతికించి ఉంది, రింగులు మూడడుగులకు ఒకటి ఉన్నాయి, నాలుగు మూలలా రెండేసి రింగులు వేయమంటే అక్కడే కొట్టిచ్చాడు. మీరు కొనేటప్పుడు ఆ అంచును గోటితో గీకి చూడండి, పొరలు విడిపోతుంటే వదిలేయండి.

మంచి పట్టయినా కట్టడం తెలియకపోతే దండగే. దుకాణం ఆయనే చెప్పిన ఉపాయం, మాకు బాగా పనికొచ్చింది: పాత సైకిల్ ట్యూబును రెండంగుళాల ముక్కలుగా కోస్తే ఉంగరాల్లా వస్తాయి. ఆ ఉంగరాన్ని రింగులోంచి తీసి, దానికి తాడు కట్టాలి. గాలి ఎగదన్నినప్పుడు ట్యూబు సాగుతుంది, రింగు ఊడదు. పట్ట మీద రాళ్లు పెట్టొద్దు, మొనలకు బొక్కలు పడతాయి, ఇసుక నింపిన యూరియా సంచులు పెట్టండి. గవాక్షి మీద బోర్లించిన వెదురు బుట్ట పెట్టి దానిపైన పట్ట కప్పితే అక్కడ నీళ్లు మడుగు కట్టవు, వాలుగా జారి గొట్టం వైపు పోతాయి.

ఆ డిసెంబర్‌లోనే మిచాంగ్ తుపాను వచ్చింది, బాపట్ల దగ్గర దాటింది గానీ ఇక్కడ కూడా ముసురు పట్టింది, గాలీ తోలింది. మిద్దె ఒక్క చుక్క ఉరవలేదు. పొద్దున్నే అవ్వ ఫోన్ చేసి "పొయ్యి కాడ కూడా పొడిగా ఉంది రా" అంది, ఆ మాట వినేసరికి ప్రాణం లేచొచ్చింది.

లోపాలూ చెప్పాలి. బరువు ఎక్కువ, ఒక్కరు మిద్దె మీదికి ఎక్కించలేరు. ఎండకు నీలం రంగు తెల్లబారుతోంది, ఏడాది పొడవునా కప్పి ఉంచితే ఎక్కువ కాలం రాదు. ఇంకోటి, వాన వెలిసిన రోజే తీసేయాలి, లేకపోతే కింద మట్టి ఆరక చెమ్మ పట్టి దంతెలకు చెద వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పట్ట పైకప్పునే కాపాడుతుంది, గోడ మొదట్లోకి దిగే నీళ్లను ఆపదు. రెడ్ అలర్ట్ ఇచ్చారంటే పట్ట ఉందని ధైర్యం చేసి లోపల పడుకోబెట్టకండి. మేం పాస్‌పుస్తకం, ఆధార్, మందులు ఒక మూత గట్టి డబ్బాలో పెట్టి, బిందెలు నింపి, అవ్వను పక్కనున్న మా చిన్నాయన స్లాబు ఇంటికి తీసుకెళ్తాం. ఆమె గొణుగుతుంది, అయినా వస్తుంది.

కొనేవాళ్లు సెప్టెంబర్‌లోనే కొనండి. అల్పపీడనం అని టీవీలో వచ్చాక వెళ్తే దుకాణంలో పల్చటివే మిగులుతాయి, మూలలకు రింగులు కొట్టే తీరిక కూడా ఆయనకు ఉండదు. పోయేముందు పిట్టగోడతో కలిపి మిద్దె కొలత రాసుకుపోండి, నాలుగు వైపులా అడుగున్నర ఎక్కువ ఉండేలా చూసుకోండి.