అరికాలి ప్యాడ్, వెడల్పు షూ: రెండేళ్లు వాడాక

నడిచేటప్పుడు కాలివేళ్లలో వచ్చే మంటకీ తిమ్మిరికీ షూలో పెట్టుకునే మెటటార్సల్ ప్యాడ్ కావాలని అడిగితే చాలా మెడికల్ షాపుల్లో మడమ కింద పెట్టుకునే సిలికాన్ కప్పు తీసి ఇస్తారు. అది వేరు. నేను చెబుతున్నది నీటిబొట్టు ఆకారంలో, మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉండే చిన్న మెత్త. ఫెల్ట్‌లోనూ (ఒత్తి గుడ్డలా చేసిన ఉన్ని) జెల్‌లోనూ దొరుకుతుంది. షూ లోపలి ఇన్‌సోల్ మీద అతికించుకోవాలి. రెండేళ్లు దాటింది నేను వాడబట్టి. పనిచేస్తుందా అంటే చేస్తుంది. కాకపోతే అది సరైన చోట కూర్చోవాలి, షూలో దానికి చోటుండాలి. చోటే లేకపోతే ఎంత జాగ్రత్తగా అతికించినా దండగే.

నా బాధ ఇదీ. నడక మొదలుపెట్టిన కాసేపటికి కుడి పాదంలో మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంట. ఆ తర్వాత ఆ రెండు వేళ్లూ నావేనా అన్నంతగా మొద్దుబారేవి. సాక్సు ముడతపడి కింద ఇరుక్కుందేమో అనిపించేది, విప్పి చూస్తే ఏమీ ఉండదు. కేబీఆర్ పార్కులో బెంచీ మీద కూర్చుని షూ తీసి వేళ్లు నలుపుకుంటే తగ్గేది. ఇంట్లో ఉత్త కాళ్లతో తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. జిమ్‌లో ఎలిప్టికల్ (నిలబడి పెడల్స్ తొక్కే మిషన్) మీద మాత్రం ఇంకా తొందరగా వచ్చేది. దానికి కారణముంది: నడకలో పాదం ప్రతి అడుగుకీ నేల వదిలి లేస్తుంది, ఆ మిషన్ మీద పెడల్ వదిలి లేవనే లేవదు. బరువంతా వేళ్ల మొదట్లోనే ఆగిపోతుంది.

ఆర్థోపెడిక్ డాక్టరుగారు పాదాన్ని రెండు పక్కల నుంచీ గట్టిగా పట్టి, కింద నుంచి బొటనవేలితో ఆ సందులో నొక్కారు. లోపల టక్కుమని ఏదో కదిలింది, ప్రాణం జివ్వుమంది. మోర్టన్స్ న్యూరోమా అన్నారు. 1876లో థామస్ మోర్టన్ అనే అమెరికా సర్జన్ దీని గురించి రాశాడట, ఆ పేరే ఉండిపోయింది. పేరు విని భయపడాల్సిన గడ్డ కాదు. వేళ్లలోకి వెళ్లే నరం ఎముకల మధ్య పదేపదే నలిగి, దాని చుట్టూ పొర మందమెక్కుతుంది. ఎక్కువగా ఆ మూడు, నాలుగు వేళ్ల మధ్యే వస్తుంది. ఇంజెక్షన్లున్నాయి, ఆపరేషన్ ఉంది. ఆపరేషన్‌లో నరం తీసేస్తే ఆ వేళ్ల మధ్య స్పర్శ ఇక తిరిగి రాదు. అందుకే “ముందు షూ మార్చి చూడమ్మా” అన్నారు.

ముందుగా షూ సంగతే చెప్పాలి. నా అంచనాలో ముప్పాతిక వంతు ఉపశమనం దానిదే. మీ షూ ఇరుకో కాదో తేల్చుకోవడం తేలిక. లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. చిటికెన వేలు అంచు దాటి బయటికొస్తే ఆ షూ మీది కాదు. షాపులో కుర్రాళ్లు “ఒక సైజు పెద్దది తీసుకోండి మేడమ్” అంటారు. దాంతో పొడవు పెరుగుతుంది, మడమ జారుతుంది, వేళ్ల దగ్గర బిగుతు పెద్దగా తగ్గదు. వెడల్పుకు వేరే కొలతలున్నాయి. ఆడవాళ్ల షూలలో మామూలు వెడల్పు బి, వెడల్పు రకం డి. మగవాళ్లకు ఆ డీయే మామూలు. మన షాపుల్లో ఆడవాళ్ల వెడల్పు రకం దొరకడం గగనం కాబట్టి నేను తిన్నగా మగవాళ్ల వరసలోకి వెళ్లి, వేసి చూసుకుని తెచ్చుకున్నాను. గుమ్మం దగ్గర చూసి మావారు “నా షూ వేసుకెళ్లావేంటి?” అన్నారు. అనుకుంటే అనుకోనీ. కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. వ్యాయామంలోనూ అలాగే ఉబ్బుతాయి.

ఇక ప్యాడ్. దీన్ని నొప్పి ఉన్న చోట కింద పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పెడితే నొప్పి రెట్టింపవుతుంది. నొప్పి చోటుకు వెనక, మడమ వైపుకు ఉండాలి. అక్కడి నుంచి అది ఎముకల్ని కొంచెం పైకెత్తి విడదీస్తే ముందున్న నరానికి ఊపిరాడుతుంది. ఆ చోటు గుర్తించడానికి చాలామంది లిప్‌స్టిక్ వాడతారు. నేను కుంకుమలో రెండు చుక్కల కొబ్బరినూనె కలిపి, వేలితో నొక్కితే ఎక్కడ సలుపుతుందో అక్కడ బొట్టు పెట్టి, షూలో కాలు పెట్టి గట్టిగా నిలబడ్డాను. కాలు తీసి చూస్తే ఇన్‌సోల్ మీద ఎర్రటి మచ్చ. ప్యాడ్ ముందు అంచు ఆ మచ్చను తాకకుండా, దానికి వెనకగా అతికించాను. మొదట్లో గులకరాయి మీద నడుస్తున్నట్టే ఉంటుంది. కొద్ది రోజుల్లో అది ఉన్న సంగతే మర్చిపోవాలి. మర్చిపోలేకపోతున్నారంటే చోటు తప్పయినా ఉండాలి, సైజు పెద్దదయినా ఉండాలి. చిన్నదాంతోనే మొదలుపెట్టండి.

ఫెల్టా, జెల్లా? నా ఓటు ఫెల్ట్‌కే. కొన్ని నెలలకు అణిగిపోయి అట్టముక్కలా అవుతుంది, మార్చాల్సిందే. కానీ పెట్టిన చోట కదలదు. జెల్ది కడుక్కోవచ్చు, ఎక్కువ కాలం వస్తుంది. అయితే మన చెమటకు జిగురు ఊడిపోయి నడక మధ్యలో వేళ్ల కిందికి జారుతుంది. వానాకాలంలో మరీను. పాదమంతా పరుచుకునే మందపాటి జెల్ ఇన్‌సోల్ కూడా కొని చూశాను. చేత్తో నొక్కితే మెత్తగా హాయిగా ఉంటుంది గానీ, ఇరుకు షూలో అది ఉన్న కాస్త చోటూ తినేసి తిమ్మిరిని పెంచింది.

లేసులు కట్టే తీరు మార్చడానికి పైసా ఖర్చు లేదు. పాదం పైన ఎత్తుగా ఉన్న చోట అడ్డంగా దాటించకుండా, పక్క కన్నంలోంచి నిలువుగా పైకి లాగి, ఆపైన మళ్లీ మామూలుగా కట్టాను. చీలమండ దగ్గర చివరి కన్నంతో బిగిస్తే పార్కు దిగుడులో పాదం ముందుకు తోసుకురాదు. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య, పాదం పైవైపున మొద్దుబారే వాళ్లయితే ప్యాడ్ జోలికి పోకముందే లేసులు వదులు చేసి చూడండి. అక్కడి నరం చర్మానికి దగ్గరగా ఉంటుంది, బిగుతు ముడికి ఇట్టే నొక్కుకుపోతుంది. ఎలిప్టికల్ మీద బరువు మడమలకు మార్చి, మధ్యమధ్యలో వేళ్లు ఆడిస్తున్నాను.

మా నాన్నకూ పాదాల్లో తిమ్మిరే. “నాకూ ఒకటి తెప్పించమ్మా” అన్నారు. తెప్పించలేదు. ఆయనకు షుగరుంది. తిమ్మిరి రెండు కాళ్లకూ సమానంగా ఉంటుంది, రాత్రి పడుకున్నప్పుడూ ఉంటుంది. అది షూ తెచ్చిన తిమ్మిరి కాదు. డాక్టరు సన్నని నైలాన్ దారంతో అరికాలి మీద పొడుస్తుంటే ఆయనకు కొన్ని చోట్ల తెలియనేలేదు. స్పర్శ తెలియని పాదం కింద ఉబ్బెత్తుగా ఏది పెట్టినా, పుండు పడేదాకా తెలియదు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గినా ఇలాంటి తిమ్మిరే రావచ్చు. నడుము నుంచి కాలంతా లాగినా, కాలు పట్టు తప్పుతున్నా, విశ్రాంతిగా కూర్చున్నప్పుడూ తిమ్మిరి వదలకపోయినా ప్యాడ్ల మీద డబ్బు పెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నాకు పూర్తిగా పోయిందా అంటే పోలేదు. పార్కు చుట్టూ నడిచొస్తే ఏమీ ఉండదు. పెళ్లిళ్లకు కోసుగా ఉన్న చెప్పులు వేసుకున్న మర్నాడు మాత్రం ఆ సందు మళ్లీ సలుపుతుంది. ఆ చెప్పులు పనమ్మాయి కూతురికి ఇచ్చేద్దామనుకున్నాను గానీ, తెలిసి తెలిసి ఆ పిల్లకు అంటగట్టడమెందుకని ఊరుకున్నాను.